బాబాయి ఓవర్‌స్టేకి ఇరవై ఏళ్ళు: కూతురు స్పాన్సర్ చేస్తే గ్రీన్ కార్డు వస్తుందా?

ప్రశ్న: మా బాబాయి 2003లో విజిటర్ వీసా మీద అమెరికా వచ్చి, గడువు దాటినా ఇక్కడే ఉండిపోయాడు. వాళ్ళమ్మాయి ఇక్కడే పుట్టింది, ఈమధ్యే 21 నిండాయి. పదేళ్ళు ఉంటే గ్రీన్ కార్డు ఇచ్చేస్తారని ఒకరు, ఇండియా వెళ్ళి కొత్త వీసా స్టాంపింగ్ చేయించుకుని రమ్మని ఇంకొకరు చెబుతున్నారు. పాత పాస్‌పోర్టు, వచ్చినప్పుడు ఇచ్చిన ఐ-94 (ప్రవేశ రికార్డు) పోయాయి. ఇంట్లో అందరికీ ఒకటే టెన్షన్.

జవాబు: ముందు ఆయన్ని దేశం దాటనివ్వకండి. ఏడాదికి పైగా అక్రమంగా ఉన్నవాళ్ళు బయటికి వెళ్తే పదేళ్ళ నిషేధం పడుతుంది. దాన్ని మాఫీ చేయమని అడగాలంటే భార్యకో తల్లిదండ్రులకో అమెరికా పౌరసత్వమో గ్రీన్ కార్డో ఉండాలి. కూతురు లెక్కలోకి రాదు. స్టాంపింగ్ సలహా ఇచ్చినాయనకి ఇది తెలిసినట్టు లేదు.

పదేళ్ళ మాట కూడా సగమే నిజం. ఇమిగ్రేషన్ కోర్టులో బహిష్కరణ కేసు ఉన్నవాళ్ళు మాత్రమే అడగగలిగే ఊరట అది. తను వెళ్ళిపోతే ఇక్కడి కుటుంబానికి అసాధారణమైన కష్టం వస్తుందని నిరూపించాలి, అదీ ఏడాదికి 4,000 మందికే. ఉన్న ఏళ్ళే ముఖ్యమైన రిజిస్ట్రీ అనే దారి ఒకటుంది గానీ, అది 1972 జనవరి 1కి ముందు వచ్చినవాళ్ళకి.

మీకు పనికొచ్చేది ఆ అమ్మాయే. 21 నిండిన పౌరుల తల్లిదండ్రులకు వీసా క్యూ ఉండదు. అధికారి తనిఖీ చేసి లోపలికి పంపిన మనిషైతే ఓవర్‌స్టే గానీ, పర్మిట్ లేకుండా చేసిన ఉద్యోగం గానీ అడ్డు రావు. ఐ-130 (కూతురు వేసే పిటిషన్), ఐ-485 (ఆయన గ్రీన్ కార్డు దరఖాస్తు) కలిపి వేయొచ్చు. సరిహద్దు దొంగచాటుగా దాటినవాళ్ళకి మామూలుగా ఈ దారి లేదు, 2001 ఏప్రిల్ 30 లోపు వాళ్ళ కోసం ఎవరైనా పిటిషన్ వేసి ఉంటే తప్ప.

కాబట్టి ఎలా వచ్చాడన్న రుజువు వెతకండి. అప్పటి ఐ-94 కాగితమే, ఆన్‌లైన్‌లో దొరకదు. సీబీపీకి (సరిహద్దుల్లో తనిఖీ చేసే శాఖ) ఎఫ్‌ఓఐఏ, అంటే అక్కడి సమాచార హక్కు చట్టం కింద అర్జీ పెట్టి పాత రికార్డు అడగండి. ఐ-94 నకలు కోసం ఐ-102 ఫారం కూడా ఉంది.

ప్రశ్న: చాలా థాంక్సండీ. ఉద్యోగంలో చేరేటప్పుడు ఏదో ఫారం మీద సంతకం చేశాడట, పర్లేదా? పిన్ని కూడా అప్పుడే, అదే వీసా మీద వచ్చింది. ఊళ్ళో నాన్నమ్మకి బాగాలేదు, ఫైల్ చేశాక వెళ్ళి రావచ్చా?

జవాబు: ఆ ఫారం దగ్గరే నాకు భయం. ఐ-9లో (పని చేసే హక్కు ఉందని ఉద్యోగంలో చేరేటప్పుడు నింపే ఫారం) అమెరికా పౌరుణ్ణి అన్న గడిలో టిక్ పెట్టి ఉంటే అది ఓవర్‌స్టేలా వదిలేసే తప్పు కాదు, దానికి మాఫీ దాదాపు లేదు. తిరస్కరిస్తే కేసు కోర్టుకి పోవచ్చు. అందుకే ఫైల్ చేయకముందే లాయర్‌కి దాచకుండా చెప్పమనండి. నోటరీలనూ ఏజెంట్లనూ నమ్ముకోవద్దు.

పిన్నికి అమ్మాయి విడిగా ఐ-130 వేయాలి, బాబాయి దరఖాస్తులో ఆవిడ కలవదు.

అడ్వాన్స్ పెరోల్ (దరఖాస్తు నడుస్తుండగా వెళ్ళి రావడానికి ముందే తీసుకునే అనుమతి) రాకుండా వెళ్తే ఐ-485 వదులుకున్నట్టే. అది ఉన్నా తిరిగి రానిస్తారన్న గ్యారంటీ లేదు. నాన్నమ్మ సంగతి తెలిసి కూడా, నేనైతే కార్డు చేతికొచ్చేదాకా ఆగమంటాను.