చెట్లు నాటే ముసలాయన లైను: సయెక్లోనా, సయెకులోనా?

రోమన్ రచయిత సిసెరో ముసలితనం మీద రాసిన పుస్తకంలో ముసలి రోమన్ నేత కేటో నోట వచ్చే లాటిన్ లైను పొద్దుట్నుంచీ బుర్రలో తిరుగుతోంది. "సెరిత్ అర్బొరేస్, క్వయ్ ఆల్తెరి..." తర్వాత 'తరానికి' అనే మాట సయెక్లోనా, సయెకులోనా? తరవాతి తరానికి అక్కరకొచ్చే చెట్లు నాటతాడు అని అర్థం గుర్తుంది గానీ ఆ ఒక్క 'కు' దగ్గరే ఆగిపోతున్నా.

— సయెక్లో అండి. లైను సిసెరోది కాదు కదా, పాత లాటిన్ నాటకకర్త కెకీలియుస్ నాటకం సినెఫెబిలోది. పాత కవులకి ఆ పొట్టి రూపమే అలవాటు.

— అంత ఖాయంగా అనకండి మాస్టారూ, అచ్చులో రెండు పాఠాలూ ఉన్నాయి. సయెకులో అని పెట్టిన వాళ్ళు కొందరు లైను చివర 'అక్కరకొచ్చే' అనే మాట ప్రోసింట్‌ని కూడా ప్రోసియెంట్ అని సాగదీస్తారు, అంటే గొడవ ఒక్క 'కు'తో అయిపోయేది కాదు.

— అక్షరం సరే, అర్థం తేలిందా? సిసెరో తన కూతురు తుల్లియా పోయిన క్రీ.పూ. 45లోనే టస్కులన్ సంభాషణలనే ఇంకో పుస్తకంలో ఇదే లైను ఆత్మ చావదు అనే వాదంలో వాడాడు. చచ్చాక తనకేమీ లేదనుకుంటే ముసలాయన ఎందుకు నాటతాడు అని. కాబట్టి నా లెక్కలో 'తరం' చాలదు, తనకీ వాటా ఉన్న 'రాబోయే కాలం' అనాలి.

— టస్కులన్‌లో ఒప్పుకుంటా. కానీ మరుసటేడు రాసిన ఈ పుస్తకంలో ఆ వెంటనే రైతు జవాబుంది చూడండి: ఎవరికోసమయ్యా అంటే దేవతల కోసం, పెద్దల దగ్గర తీసుకోవడమే కాదు వెనకొచ్చేవాళ్ళకి అందించమని కూడా వాళ్ళే కోరారు అంటాడు. ఇక్కడ తరమే.

— అదే కెకీలియుస్ ఇంకోచోట ముసలితనాన్ని తిడతాడు, ఎక్కువకాలం బతికితే చూడకూడనివి చూడాల్సొస్తుందని. చూడాలనుకున్నవీ బోలెడు చూస్తాం కదా అని కేటో జవాబు, నాకు చెట్ల లైను కన్నా అదే ఇష్టం.

— కవి అంటే పాత లాటిన్ కవి ఎన్నియుస్ అండీ! 70 ఏళ్ళప్పుడు పేదరికం, ముసలితనం రెండు బరువులూ ఇష్టంగా మోస్తున్నట్టే ఉండేవాడని ఇదే పుస్తకంలో ఉంది. తనని ఒలింపియాలో గెలిచి గెలిచి ఇప్పుడు విశ్రాంతి తీసుకుంటున్న గుర్రంతో పోల్చుకున్నాడు, దాని ముందు ఏ చెట్టూ ఆనదు నాకు.

— ఆ గుర్రం లైన్లో 'సెనియో కన్‌ఫెక్టుస్' అంటే ముసలితనంతో కుంగిపోయిన అని కదా, ఇష్టంగా మోయడం ఎక్కడుంది?

— 'క్వియెస్కిత్'లో, అంటే విశ్రాంతి తీసుకుంటోంది అనే మాటలో ఉంది. వాక్యం ఆగేది అక్కడ, కుంగడం దగ్గర కాదు.