అటామిక్ బ్లాండ్‌లో మెట్ల ఫైటు సింగిల్ షాటేనా?

పర్లాకిమిడి_బుజ్జి:
అటామిక్ బ్లాండ్ ఇప్పటికి చూశానండి, 2017 గూఢచారి సినిమా. చార్లీజ్ థెరాన్ మెట్ల మీద కొట్టే ఫైటు నిజంగా ఎక్కడా ఆపకుండా తీసిన ఒకే షాటా? ఆ వాచీలో దాచిన ఏజెంట్ల లిస్టు గోల సగమే ఎక్కింది, ఎవరైనా విప్పి చెప్పండి. అమ్మానాన్నలతో చూడొచ్చా?

బరంపురం_కెమెరా:
సింగిల్ షాటేటండీ బాబూ! నేను పెళ్లిళ్లు తీస్తాను, కెమెరా ఊగకుండా ఆపే గింబల్ పట్టుకుని మండపం చుట్టూ తిరిగే చెయ్యి ఇది. కెమెరా గిర్రున తిరిగిన చోట, ఎవడి వీపో లెన్సుకి అడ్డమొచ్చిన చోట చూడండి, షాటు తెగిన చోటు, అదే ‘కట్’, అక్కడే దాక్కుంటుంది. తర్వాత కంప్యూటర్లో అతికేస్తారు. డైరెక్టర్ డేవిడ్ లీచ్ ఒకప్పుడు స్టంట్‌మ్యానే, అతుకు ఎక్కడ కనబడదో ఆయనకి తెలీదా?

సిరోంచ_తమ్మి:
గంత ఖతర్నాక్ ఫైటును అతుకులంటవా అన్నా? ఆమె ఆయాసపడుడు చూసినవా? నడుమ ఆపితే గట్ల రొప్పుతరా?

బరంపురం_కెమెరా:
రొప్పడం నటన, చెమట స్ప్రే. ముహూర్తం దాటిపోయాక కూడా పెళ్లికొడుకు చేత మళ్లీ తలంబ్రాలు పోయించి తీస్తాం. వీడియోలో నువ్వు పట్టుకోగలవా?

సిరోంచ_తమ్మి:
పెండ్లి వీడియోలు తీసేటోడు హాలీవుడ్‌కు పాఠాలు చెప్పవట్టె.

బరంపురం_కెమెరా:
నోరు జాగ్రత్త. నువ్వు ఫోన్‌లో చూసినోడివే కదా.

రాయగడ_లక్ష్మి:
షాటు గొడవ మీరు పడండి. హీరోయిన్‌ని అలిసిపోనిచ్చారు, నాకు అదే నచ్చింది. మన హీరోలు ఊరంతటినీ కొట్టినా చొక్కా ఇస్త్రీ నలగదు. ఈవిడ మొదట్లోనే ఒళ్లంతా కమిలిపోయి ఐసు నీళ్ల తొట్టిలో ఉంటుంది. మెట్ల ఫైటు చివరికొచ్చేసరికి ఆవిడా నిలబడలేదు, ఆవిడతో కొట్లాడేవాడూ నిలబడలేడు. ట్రైనింగ్‌లో బిగబట్టి రెండు పళ్లు పాడుచేసుకుందట. నేను కరాటేలో చేరతానంటే ‘సంబంధాలు రావు’ అన్నారు మా ఇంట్లో. కార్లో ఎర్ర హీల్ చెప్పుతో కొట్టే సీను వాళ్లకి ప్రత్యేకంగా వేసి చూపించాను.

జయపురం_మాస్టారు:
హాలీవుడ్డే కనిపెట్టినట్టు మాట్లాడుతున్నారు. 1970లోనే ‘రౌడీ రాణి’గా విజయలలిత ఇరగదీసింది. 1990లో ‘కర్తవ్యం’తో విజయశాంతికి జాతీయ అవార్డే వచ్చింది.

గుణుపూర్_సీను:
అవన్నీ ఎందుకు, చివర్లో ఆవిడ అసలు ఎవరంటే
[అడ్మిన్: గుట్టు విప్పిన రెండు లైన్లు తీసేశాం.]

సిరోంచ_తమ్మి:
నేనింక ఆఖరు సూడలె! సదివేసిన! సీనూ, నువ్వు దొరకాలె.

జయపురం_మాస్టారు:
కథ జరిగేది బెర్లిన్ గోడ కూలే రోజుల్లో, 1989 నవంబరులో. ఒక ఊరిని రెండు ముక్కలు చేస్తే ఎలా ఉంటుందో మనకి తెలీదా? 1936లో ఒరిస్సా వేరైనప్పుడు ఇక్కడి తెలుగువాళ్లని, మనల్నీ అలాగే విడగొట్టారు.

రాయగడ_లక్ష్మి:
అలాగేనా? మాస్టారూ, అక్కడ గోడ దాటబోతే కాల్చి చంపారు. ఇక్కడ పర్లాకిమిడిలో ఆటో ఎక్కి ఆంధ్రాలోని పాతపట్నంలో దిగుతాం, అడిగేవాడే లేడు.

జయపురం_మాస్టారు:
తుపాకీ లేకపోతే నొప్పి లేదా అమ్మా? మా అమ్మాయికి బళ్లో తెలుగు అక్షరమ్ముక్క రాలేదు, ఇంట్లో నేనే దిద్దించాను.

బరంపురం_కెమెరా:
ఆ బెర్లిన్ కూడా చాలావరకు బుడాపెస్ట్‌లో తీసిందే, అందరూ ఏడవకండి.

పర్లాకిమిడి_బుజ్జి:
లిస్టు సంగతి ఎవరూ చెప్పరా?

గుణుపూర్_సీను:
చెబితే అడ్మిన్ తీసేస్తున్నాడు కదా! అమ్మానాన్నలతో మాత్రం వద్దు, ఆ ఫ్రెంచి పిల్ల సీన్లకి రిమోట్ వెతుక్కోవాలి.

రాయగడ_లక్ష్మి:
రక్తం కారితే ఫర్వాలేదు, ముద్దులకి రిమోటా? బాగుంది.

సిరోంచ_తమ్మి:
కెమెరా అన్నా, కోపం పక్కకు పెట్టు. వైశాఖంల మా చెల్లె పెండ్లి ఉన్నది. గా గింబల్ వీడియోకు ఎంత తీసుకుంటవ్?

బరంపురం_కెమెరా:
సిరోంచ దాకా అంటే రాను పోను ఖర్చులు మీవే. డ్రోన్ వేరే.