బ్లూ బుక్ ఫైళ్లు: పౌరుల నివేదికలను ఎలా పరిశీలించేవారు?

ప్రశ్న: ఆకాశంలో కనిపించిన గుర్తు తెలియని వస్తువులపై అమెరికా వైమానిక దళం జరిపిన "బ్లూ బుక్" విచారణ ఫైళ్లు చదువుతున్నాను. మామూలు పౌరుడు ఆకాశంలో ఏదో చూశానంటే ఆ కబురు ఎక్కడికి వెళ్లేది? చాలా ఫైళ్లు "సమాచారం చాలదు" అనే ముగుస్తున్నాయేం?

జవాబు: తొలి విచారణ దగ్గర్లోని వైమానిక స్థావరానిదే. 200-2 అనే వైమానిక దళ నిబంధన అదే చెప్పింది. ఆ నివేదిక ఒహాయోలోని రైట్-పాటర్సన్ వైమానిక స్థావరానికి చేరాక బెలూన్లు, విమానాలు, గ్రహాల స్థానాలతో సరిచూసేవారు. ఖగోళ సలహాదారు జె. అలెన్ హైనెక్. "సమాచారం చాలదు" అనిపించేలా ఎక్కువగా దెబ్బతీసేది కోణాలే, అంటే వస్తువు కంటికి ఎన్ని డిగ్రీల వెడల్పుగా, ఏ దిక్కున కనిపించిందో తెలియకపోవడం. "బస్సంత ఉంది" అంటే పనికిరాదు, ఎందుకంటే దూరం తెలియదు. నిండు చంద్రుడు సుమారు అర డిగ్రీ వెడల్పు కనిపిస్తాడు. అంత కనిపించే వస్తువు కిలోమీటరు దూరంలో ఉంటే దాదాపు 9 మీటర్లు, పది కిలోమీటర్లలో అయితే 87. అందుకే చేయి చాచి పట్టుకున్న నాణెంతో పోల్చమనేవారు. దిక్కు, క్షితిజం నుంచి ఎత్తు, కచ్చితమైన సమయం లేకపోతే శుక్రుడో కాదో కూడా తేల్చలేం.

మరో జవాబు: ఒక స్పష్టీకరణ. "సమాచారం చాలదు", "గుర్తు తెలియనివి" వేర్వేరు ఖానాలు. 1969లో బ్లూ బుక్‌ను మూసేనాటికి 12,618 నివేదికల్లో గుర్తు తెలియనివి 701. వాటిని గ్రహాంతర నౌకలుగా లెక్కేయడం తొందరపాటు. అలాగని "వీనస్ (శుక్రుడు) అయ్యుండొచ్చు" అని రాసేసిన ముగింపులనూ నమ్మేయొద్దు. ఆ తేదీకి, ఆ ఊరికి గ్రహం ఎక్కడుందో ఏ తేదీకైనా ఆకాశాన్ని చూపించే ప్లానిటేరియం సాఫ్ట్‌వేర్‌లో చూడండి. టైమ్ జోన్, వేసవిలో గడియారాన్ని గంట ముందుకు జరిపే మార్పు మరిచిపోతే లెక్క గంటో అంతకన్నా ఎక్కువో తప్పుతుంది.

ప్రశ్న అడిగినవారు: సాక్షుల పేర్లు కొట్టేసి ఉన్నాయి, ఎలా వెతకాలి?

జవాబు: తేదీ, ఊరు పట్టుకుని వెతకండి. అమెరికా ప్రభుత్వ పత్రాలను భద్రపరిచే నేషనల్ ఆర్కైవ్స్‌లో ఈ ఫైళ్ల మైక్రోఫిల్మ్ టీ-1206 అనే సంఖ్యతో ఉంది, అందులో 94 చుట్టలున్నాయి.