పీసీ ఆన్ అయి వెంటనే ఆగిపోతుంటే ముందు ఎస్ఎంపీఎస్ (పీసీకి కరెంటు అందించే డబ్బా) మార్చాలా, వద్దా?

తణుకుకుర్రాడు:
మా అమ్మ జిరాక్స్ షాపు నడుపుతుంది. అక్కడున్నది 2014లో కొన్న డెస్క్‌టాప్. నాలుగో తరం ఐ3, 4 జీబీ ర్యామ్‌లు రెండు. నిన్న పొద్దున్నుంచి బటన్ నొక్కితే ఫ్యాన్లు తిరుగుతాయి, ముందు లైటు వెలుగుతుంది, స్క్రీన్ మీద కంపెనీ బొమ్మ కనపడీ కనపడకముందే టప్పున ఆగిపోతుంది. చిత్రమేమిటంటే నాలుగైదుసార్లు నొక్కితే ఒకసారి మామూలుగా ఆన్ అయి, సాయంత్రం దాకా ఏ గొడవా లేకుండా పనిచేస్తుంది. రిపేరు షాపాయన ఫోన్లోనే "ఎస్ఎంపీఎస్ పోయింది, 1,800 అవుతుంది" అన్నాడు. పక్కింటి బాబాయేమో మదర్‌బోర్డు పోయింది, కొత్తది కొనుక్కోమంటున్నాడు. దరఖాస్తులు వేసుకునే పిల్లలు గుమ్మం దగ్గర నిలబడి ఉన్నారు. ముందు ఎస్ఎంపీఎస్ మార్చేయమంటారా?

స్క్రూడ్రైవర్:
మార్చేయ్ తమ్ముడూ. సికింద్రాబాద్‌లో 15 ఏళ్లుగా ఇదే పని చేస్తున్నా. ఆన్ అయి ఆగిపోతోందని వచ్చిన వాటిలో ఎక్కువ ఎస్ఎంపీఎస్‌వే. క్యాబినెట్‌తో పాటు ఊరికే వచ్చినదైతే ఇక అడగక్కర్లేదు. స్టిక్కర్ మీద 450 వాట్లని ఉంటుంది, చేత్తో ఎత్తి చూస్తే ఖాళీ టిఫిన్ డబ్బాలా తేలిపోతుంది. పదేళ్లు పనిచేసిందంటే అదే గొప్ప.

లెక్కలమాస్టారు:
ఎస్ఎంపీఎస్ పోయి ఉండదని నేననను. కానీ స్క్రూ కూడా విప్పకుండా ఫోన్లోనే 1,800 ఖర్చు చెప్పడం నాకు నచ్చలేదు. తమ్ముడూ, ముందు ఒక్క పని చెయ్యి. బటన్ నొక్కిన క్షణం నుంచి ఆగిపోయేదాకా ఎన్ని సెకన్లో లెక్కపెట్టు. ఫోన్లో వీడియో తీస్తే ఇంకా మంచిది. ఆ సెకన్లే సగం సంగతి చెప్పేస్తాయి.

ఫ్యాన్ ఒక్కసారి ఉలిక్కిపడ్డట్టు కదిలి అర సెకనులో ఆగిపోతే, ఎక్కడో షార్ట్ ఉందని, ఎస్ఎంపీఎస్ తనను తాను కాపాడుకుంటోందని అర్థం. అలాంటప్పుడు చాలావాటికి గోడ స్విచ్ ఆపి కాసేపు ఉంచితే గానీ మళ్లీ కదలిక ఉండదు. నువ్వు ముట్టుకోకుండానే తనంతట తాను ఆగి, మళ్లీ వచ్చి, మళ్లీ ఆగుతుంటే ముందు ర్యామ్ తీసి, తుడిచి, ఒక్కటే పెట్టి చూడాలి. స్క్రీన్ మీద యూఎస్‌బీ గురించి హెచ్చరిక వచ్చి 15 సెకన్లకు ఆగితే, ముందు యూఎస్‌బీ పోర్టులో పిన్ను వంగి దేనికో తగులుతోందేమో చూడు. కొన్ని బోర్డులు అలా చెప్పి మరీ ఆపేస్తాయి. పది నిమిషాలు పనిచేశాక ఆగితే వేడి. ప్రాసెసర్ వేడిని లాగే హీట్‌సింక్ నాలుగు ప్లాస్టిక్ కాళ్లలో ఒకటి ఊడి ఉంటుంది, లేదా ఆ రెంటి మధ్య రాసే పేస్టు ఎండిపోయి సున్నంలా రాలుతుంటుంది.

ప్రతిసారీ సరిగ్గా నాలుగైదు సెకన్లకే ఆగుతుంటే సంగతి వేరు. నీ లెక్క వచ్చాక చెబుతాను.

స్క్రూడ్రైవర్:
మాస్టారూ, సెకన్లు లెక్కపెట్టడానికి ఇది పరుగుపందెమా? కస్టమర్ కౌంటర్ దగ్గర నిలబడి ఉంటాడు. ఇంకో మాట. ఇంటర్నెట్లో చూసి ఎస్ఎంపీఎస్ ఆకుపచ్చ వైరుకీ నల్ల వైరుకీ పేపర్ క్లిప్ గుచ్చి, "ఫ్యాన్ తిరిగింది, ఎస్ఎంపీఎస్ బాగుంది" అనేవాళ్లు రోజుకొకరు వస్తారు. లోడ్ లేకుండా, అంటే బోర్డుకు తగిలించకుండా, ఏదైనా తిరుగుతుంది. వోల్టేజీ కొలిచే మల్టీమీటర్ 12 చూపిస్తుంది, బోర్డుకు తగిలించగానే 11కి పడిపోతుంది. బాగున్న ఇంకో ఎస్ఎంపీఎస్ పెట్టి చూడటమే అసలు పరీక్ష. నేను మార్చమంటున్నది అందుకే.

లెక్కలమాస్టారు:
పేపర్ క్లిప్ విషయంలో మీ మాటే నా మాట. బోర్డుకు కనెక్ట్ చేసి, ఆన్‌లో ఉండగా పసుపు వైరు మీద చూడాలి. 11.4కీ 12.6కీ మధ్య ఉండాలి, ఎర్ర వైరు మీద 4.75కీ 5.25కీ మధ్య. బూడిద రంగు వైరు కూడా చూడాలి. వోల్టేజీలు నిలకడగా ఉన్నాయని ఎస్ఎంపీఎస్ బోర్డుకు చెప్పేది దాని మీదే. అది పడిపోతే బోర్డు ఆగిపోతుంది.

కానీ "పెట్టి చూడు" అనడం వేరు, "కొను" అనడం వేరు. షాపాయన చెప్పింది రెండోది. తమ్ముడూ, ఇంకొక్కటి గుర్తుపెట్టుకో. ఎవరేం చెప్పినా ఎస్ఎంపీఎస్ డబ్బా మూత మాత్రం విప్పకు. లోపల కెపాసిటర్లలో 300 వోల్టులు దాటి ఉంటుంది. ప్లగ్గు పీకేశాక కూడా కాసేపు అలాగే ఉంటుంది.

ఆవకాయ్‌బైట్:
మీరిద్దరూ ఎస్ఎంపీఎస్ పట్టుకుని వేలాడుతున్నారు. పక్కింటి బాబాయి మాట ఎందుకు తీసిపారేయాలి? పదేళ్ల బోర్డు. ప్రాసెసర్ పక్కనున్న కెపాసిటర్ల తలలు చూడండి. చదునుగా ఉంటే సరే, పూరీలా ఉబ్బితే బోర్డు పోయినట్టే. అన్నీ ఊడదీసి, బోర్డును అట్టముక్క మీద పెట్టి, ప్రాసెసర్, ఒక్క ర్యామ్‌తో ఆన్ చేసి చూడమనండి. బయట బాగా పనిచేసి క్యాబినెట్‌లో ఆగిపోతే వెనక ఏదో స్క్రూ తగులుతోందన్నమాట. నాకలా ఒకసారి జరిగింది. రాలిపోయిన స్క్రూ ఒకటి బోర్డు వెనక దాక్కుంది.

అనంతబోరు:
నా గోల కూడా వినండి. మాది బోరు మోటారున్న ఇల్లు. మోటారు వేసిన ప్రతిసారీ పీసీ ఆగిపోయేది. ఎస్ఎంపీఎస్ మార్చాను. అయినా ఆగిపోయింది. ఇంకో మంచి కంపెనీది కొన్నాను. మళ్లీ ఆగిపోయింది. చివరికి చూస్తే యూపీఎస్‌లో బ్యాటరీ చచ్చిపోయి ఉంది. వోల్టేజీ పడగానే యూపీఎస్ బ్యాటరీకి మారుతుంది, అక్కడ ఏమీ లేదు, టప్. యూపీఎస్ పక్కన పెట్టి నేరుగా గోడ ప్లగ్గులో పెట్టి చూడమని ఇక్కడ ఒక్కరూ అనలేదేం?

స్క్రూడ్రైవర్:
అదీ నిజమే అన్నా. దానికి డబ్బు ఖర్చు కూడా లేదు.

తణుకుకుర్రాడు:
యూపీఎస్ లేకుండా చూశాను, తేడా లేదు. కెపాసిటర్లు ఉబ్బలేదు. క్యాబినెట్ తెరిస్తే బల్లి గుడ్ల పెంకులు రెండు, బోలెడు దుమ్ము. దులిపేశాను. ఏడుసార్లు వీడియో తీశాను. ఆగిపోయిన అయిదుసార్లూ నాలుగు సెకన్లు దాటీ దాటగానే, అంతా ఒకేలా. మిగతా రెండుసార్లు ఆగలేదు.

లెక్కలమాస్టారు:
నేననుకున్నదే. పాడైన వస్తువు గడియారం చూసుకుని ప్రతిసారీ నాలుగు సెకన్లకే ఆగదు. కంప్యూటర్ హ్యాంగైతే నువ్వేం చేస్తావు? పవర్ బటన్ నొక్కి పట్టుకుంటావు, నాలుగు సెకన్లకు ఆగిపోతుంది. ఇప్పుడు నీ వేలు తీసేసినా బటన్ లోపలే ఉండిపోతోందేమో చూడు. బోర్డు దృష్టిలో ఎవరో నొక్కి పట్టుకున్నట్టే.

బోర్డు అంచున ముందు ప్యానెల్ వైర్లు గుచ్చే పిన్నులుంటాయి. పవర్ స్విచ్ వైరు పీకి, ఆ రెండు పిన్నులకే రీసెట్ స్విచ్ వైరు గుచ్చు. రీసెట్ బటన్‌తో ఆన్ చెయ్యి. పదిసార్లు చెయ్యి.

స్క్రూడ్రైవర్:
వేడి సంగతి వదిలేశారే మాస్టారూ? హీట్‌సింక్ పూర్తిగా లేచిపోతే సెకన్లలోనే ఆగిపోతుంది.

లెక్కలమాస్టారు:
ఆగిపోవచ్చు. కానీ వేడైతే అప్పటికే వేడెక్కి ఉంటుంది కాబట్టి రెండోసారి ఇంకా తొందరగా ఆగాలి. మన కుర్రాడిది అన్నిసార్లూ ఒకటే లెక్క. పైగా ఒకసారి నిలబడితే సాయంత్రం దాకా నడుస్తోంది.

తణుకుకుర్రాడు:
పదికి పది! ఒక్కసారి కూడా ఆగలేదు.

ముందు ప్యానెల్ ఊడదీసి చూస్తే పవర్ బటన్ నొక్కితే లోపలికి వెళ్లి, అక్కడే ఆగి, తాపీగా, బద్ధకంగా బయటికొస్తోంది. చుట్టూ బెల్లం పాకంలా నల్లటి జిగురు. క్యాబినెట్ మీద టీ గ్లాసు పెట్టొద్దని అమ్మకు ఎన్నిసార్లు చెప్పానో!

అనంతబోరు:
హహ, 1,800 మిగిలింది. టీ మానిపించకు పాపం, గ్లాసు పెట్టడానికి స్టూలు కొనిపెట్టు.

ఆవకాయ్‌బైట్:
ఇదే బండి షాపుకు వెళ్లి ఉంటే ఏమయ్యేది? కొత్త ఎస్ఎంపీఎస్ పెట్టి, అదే బటన్ నొక్కి, మళ్లీ ఆగిపోతే "బోర్డు కూడా పోయింది" అనేవాళ్లు.

స్క్రూడ్రైవర్:
అందరినీ ఒకే గాటన కట్టకు బ్రదర్. నా బెంచ్ మీద బటన్ ఎవరు నొక్కుతారు? బోర్డు పిన్నులు రెండూ స్క్రూడ్రైవర్ మొనతో తాకించే ఆన్ చేస్తా. నా పేరు చూశావా? నా దగ్గరికొస్తే రెండు నిమిషాల్లో బయటపడేది. కాకపోతే ఫోన్లో చెప్పమంటే నేనూ ఎస్ఎంపీఎస్ అనే అంటాను. ఇప్పుడూ అంటున్నా. పదేళ్ల లోకల్ ఎస్ఎంపీఎస్, షాపులో రోజంతా నడిచేది. పోయేటప్పుడు ఒక్కటే పోదు, బోర్డునూ హార్డ్‌డిస్కునూ కూడా తీసుకుపోవచ్చు. మార్చుకో.

లెక్కలమాస్టారు:
ఇవాళ పాడైంది అది కాదు కదా! ముందు లోడ్ మీద కొలిచి చూసుకో తమ్ముడూ, 11.4 కంటే తగ్గితే అప్పుడు మార్చు. హార్డ్‌డిస్కులో ఉన్నవి మాత్రం ఈ రాత్రికే ఇంకోచోట కాపీ చేసి పెట్టుకో. ఈ ఒక్క విషయంలో మాకు పేచీ లేదు.

తణుకుకుర్రాడు:
కాపీ అవుతోంది, ఇంకో గంట పట్టేట్టుంది. మల్టీమీటర్ రేపు కరెంటు పని చేసే మామయ్య దగ్గర అడుగుతాను. ప్రస్తుతానికి రీసెట్ బటనే పవర్ బటన్. అమ్మ అలవాటు కొద్దీ పాతదే నొక్కుతోందని, గుర్తుకోసం కొత్తదాని మీద తన స్టిక్కర్ బొట్టు ఒకటి అంటించుకుంది.