కురుసుర ఎక్కి భీమిలి వెళ్లమనడం జోకా, మోసమా?

ముంతమసాలా: మొన్న మన విశాఖ గ్రూపులో కొత్తగా చేరిన ఒకాయన, అమ్మగారిని భీమిలి తీసుకెళ్లడానికి దగ్గర దారి చెప్పమన్నారు. మనవాళ్లు అలవాటుగా "కురుసుర ఉంది కదా, ఆదివారం పొద్దున 6కి. కిటికీ సీటు అడగండి" అన్నారు. పాపం, ఆయన నిజంగానే వెళ్లి బీచ్ రోడ్డులో ఆ సబ్‌మెరైన్ మ్యూజియం ముందు నిలబడ్డారట. ఇకనుంచి మన పాత జోకుల పక్కన ఒక నవ్వు బొమ్మ పెడదాం అంటాను.

లైట్‌హౌస్ బాబాయ్: వద్దు. విప్పి చెబితే అది జోకెందుకవుతుంది? ఆ సబ్‌మెరైన్ 1969లో నేవీలో చేరి 2001లో రిటైరైంది. 2002 నుంచి మ్యూజియంగా ఆర్కే బీచ్ ఇసుకలో కదలకుండా కూర్చుంది. అయినా సబ్‌మెరైన్‌కి కిటికీ ఏంటండీ? అదే కదా సైగ! వ్యాజస్తుతి పద్యాల్లో దేవుణ్ని తిడుతున్నట్టే పొగుడుతారు, పక్కన బొమ్మ వేస్తారా?

పెందుర్తి ప్యాసింజర్: పెరిస్కోప్ ఉంటుందిగా, అది కిటికీ లెక్కలోకి రాదా?

లైట్‌హౌస్ బాబాయ్: రాదు.

ముంతమసాలా: బాబాయ్, పద్యం వినేవాడికి ఆ దేవుడెవరో ముందే తెలుసు. ఈయనకు మనం ఎవరమో తెలీదు. అసలు నవ్వు గుర్తు పుట్టిందే ఇలాంటి గొడవలో. 1982లో అమెరికాలోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో, లిఫ్టులో పాదరసం ఒలికిందని సరదాగా రాస్తే కొందరు నిజం హెచ్చరికే అనుకున్నారు. అప్పుడు స్కాట్ ఫాల్‌మన్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త కోలన్, డ్యాష్, బ్రాకెట్ కలిపి, జోకైతే ఈ గుర్తు పెట్టండి అన్నాడు. అంత చదువుకున్న వాళ్లకే అందలేదు.

లైట్‌హౌస్ బాబాయ్: మా మామగారు నన్ను "కలెక్టరుగారూ" అనేవారు. మూడేళ్లు మర్యాద అనుకున్నాను. ఎవరూ చెప్పలేదు, నాకే తట్టింది. తట్టిన రోజునే ఆ ఇంటివాణ్నయ్యాను.

ముంతమసాలా: అంటే మూడేళ్లు మీ వెనకాల నవ్వారన్నమాట.

లైట్‌హౌస్ బాబాయ్: మా ఇంటి సంగతి మీకెందుకు? మాట జాగ్రత్త.

సీతమ్మధార: ఇద్దరూ ఆగండి. ఆ వెళ్లినాయన ఇక్కడే ఉన్నారు.

నాగావళి ఒడ్డు: నేనేనండి. కురుసుర మీద నాకు కోపం లేదు. గేటు మూసుంది. మా అమ్మ పైనుంచి కిందకి చూసి "ఇది కదిలేదేనేటి?" అంది. ఇద్దరం నవ్వుకుని, టీ తాగి, 900కె బస్సెక్కాం. నాకు మండింది వేరే. మొదటి రోజు నేను "దగ్గర దారి ఏటండీ" అని రాశాను. ఆ రోజు నుంచి నేనేం రాసినా కింద "ఏటి", "ఏటేటి" అని వరస. వాటికి నవ్వు బొమ్మలు కూడా పెట్టారు, మూడేసి.

ముంతమసాలా: అందులో రెండు నావి. సారీ అండి.

లైట్‌హౌస్ బాబాయ్: బాబూ, మా నాయనమ్మది శ్రీకాకుళం వైపు ఆముదాలవలస. మా ఇంట్లో అందరిదీ అదే మాట. మన మాటను మనం సరదాగా అనుకుంటే తప్పేంటి?

నాగావళి ఒడ్డు: చూడండి, ఇప్పుడు కూడా "తప్పేంటి" అనే రాశారు. మీరు ఇక్కడ ఎప్పుడైనా వెటకారానికి కాకుండా "ఏటి" అని రాశారా?

సీతమ్మధార: గంటన్నర అయింది. బాబాయ్ ఉన్నారా?

లైట్‌హౌస్ బాబాయ్: ఉన్నాను. రాయలేదు. మూడో తరగతిలో "ఏటి" అన్నందుకు మాస్టారు అరచేతి మీద స్కేలుతో కొట్టారు. అప్పట్నుంచి ఇల్లు దాటితే నోట్లోంచి రాదు.

నాగావళి ఒడ్డు: నన్నూ కొట్టారండి.

పెందుర్తి ప్యాసింజర్: పెరిస్కోప్ సంగతి ఎవరూ తేల్చలేదు.

నాగావళి ఒడ్డు: అమ్మ కూడా అదే అడుగుతోంది. ఈసారి గేటు తీసి ఉన్నప్పుడు లోపలికెళ్లి చూసొచ్చి చెబుతాం.