నైరోబీలో యాప్ టాక్సీలు: ఎయిర్‌పోర్ట్, ఆఫీసు, మొంబాసా రైలు. ఎలా నెట్టుకురావాలి?

అడిగినవారు: మూటాముల్లె

ఆఫీసు పని మీద రెండు నెలలపాటు ఉండడానికి నైరోబీ వస్తున్నాను. ముంబై నుంచి కెన్యా ఎయిర్‌వేస్. బస వెస్ట్‌ల్యాండ్స్‌లో, ఆఫీసు అప్పర్ హిల్‌లో. కారు అద్దెకి తీసుకునే ఉద్దేశం లేదు. ఉబర్, బోల్ట్‌తో గడిచిపోతుందా? మన ఉబర్ ఖాతా, మన కార్డు అక్కడ పనిచేస్తాయా? యాప్‌లో చూపించినదానికంటే డ్రైవర్లు ఎక్కువ అడుగుతారట, నిజమేనా? నా దగ్గర పెద్ద సూట్‌కేసులు రెండుంటాయి. ఒక శనివారం పొద్దున మొంబాసా రైలు కూడా ఎక్కాలి. తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు: పార్క్‌ల్యాండ్స్ పక్కసందు

హాయిగా గడిచిపోతుంది. ఉబర్ 2015 నుంచి ఉంది. బోల్ట్, లిటిల్, ఫరాస్ కూడా తిరుగుతున్నాయి. కనీసం రెండు యాప్‌లు ఫోనులో ఉంచుకోండి. అదే దూరానికి, అదే నిమిషంలో రేట్లు తేడాగా ఉంటాయి.

ముందు ఫోను సంగతి. ఇండియా ఉబర్ ఖాతాతోనే బుక్ అవుతుంది. కానీ ఇక్కడ డ్రైవరు బుకింగ్ తీసుకోగానే ఫోన్ చేస్తాడు. మీ ఇండియా నంబరుకి కాల్ కలవకపోతే బండి ఉన్నచోటే ఉంటుంది, తర్వాత రద్దవుతుంది. ఎయిర్‌పోర్ట్‌లోనే పాస్‌పోర్ట్ చూపించి సఫారీకామ్ సిమ్ తీసుకోండి, ఎం-పెసా (ఫోను నంబరు మీదే డబ్బు పంపుకునే ఖాతా) కూడా అప్పుడే తెరిపించుకోండి. ఆకుపచ్చ బోర్డున్న ఏజెంటు దగ్గర నగదు ఇస్తే ఖాతాలో వేస్తారు, వేసినందుకు ఛార్జీ లేదు. తర్వాత యాప్‌లన్నిటిలో కొత్త నంబరు పెట్టండి. ఇండియా సిమ్ మాత్రం తీసి పడేయకండి, కార్డు ఓటీపీలు దానికే వస్తాయి.

ఇక కార్డు. రిజర్వ్ బ్యాంకు 2020లో తెచ్చిన నిబంధన ప్రకారం మన కార్డులకి విదేశీ వాడకం మొదట మూసే ఉంటుంది. బ్యాంకు యాప్‌లో ఇంటర్నేషనల్, ఆన్‌లైన్ రెండూ తెరుచుకుని విమానం ఎక్కండి. అయినా కార్డు ట్రిప్పంటే డ్రైవర్లకి ఇష్టం ఉండదు. డబ్బు వాళ్ల చేతికి వెంటనే రాదు, పెట్రోలు మాత్రం ఇవాళే కొట్టించుకోవాలి. అందుకే ఇక్కడ చాలామంది యాప్‌లో ‘క్యాష్’ ఎంచుకుని, దిగేటప్పుడు డ్రైవరుకి ఎం-పెసా చేస్తారు.

డబ్బు పంపే వరస: ట్రిప్పు ముగించమనండి, అతని తెరమీద పడిన మొత్తం మీ తెరమీదా అదేనా చూసుకోండి, నంబరు కొట్టండి, పేరు సరిచూడండి, అప్పుడు పిన్. డ్రైవరు తనకి మెసేజ్ వచ్చేదాకా మిమ్మల్ని కదలనివ్వడు, కోప్పడకండి. పంపుడు ఛార్జీ 500 షిల్లింగుల లోపు 7, వెయ్యి లోపు 13. నెట్‌వర్క్ మొరాయించే రోజులూ ఉంటాయి కాబట్టి 50, 100, 200 నోట్లు జేబులో ఉంచండి. వెయ్యి నోటు తీస్తే ‘చిల్లర లేదు’ అనే మాటే వినపడుతుంది.

సూట్‌కేసులకి: అన్నిటికంటే చవగ్గా కనిపించే రకంలో వచ్చేవి సుజుకి ఆల్టో లాంటి బుల్లి కార్లు. డిక్కీలో ఒక పెద్ద పెట్టె కూడా సరిగా పట్టదు. ఆ పై రకం తీసుకున్నా టయోటా విట్జ్, మాజ్డా డెమియో లాంటి చిన్న కార్లే వస్తాయి, ఒకటి డిక్కీలో, ఒకటి వెనకసీట్లో పెట్టాలి. ఇద్దరు మనుషులైతే ఇంకా పెద్దది బుక్ చేయండి. పికప్ పిన్ మీ టెర్మినల్ మీదే ఉందో లేదో చూసుకోండి, కెన్యా ఎయిర్‌వేస్‌కి 1ఏ. 1ఏకీ 1డీకీ మధ్య పెట్టెలు ఈడ్చుకుంటూ నడవడం మామూలు శిక్ష కాదు. బయట ‘టాక్సీ, టాక్సీ’ అంటూ మీ ట్రాలీ పట్టుకునేవాళ్లకి ‘హపానా, అసాంటే’ (వద్దు, థాంక్స్) అనేసి ముందుకు సాగండి.

జవాబు: సిటీలో స్టీరింగ్

ఎక్కువ అడగడం నిజమే. దాని వెనక లెక్క కూడా వినండి. యాప్‌లు ఒకదానితో ఒకటి పోటీపడి రేటు తగ్గించాయి, పెట్రోలు మాత్రం పెరిగింది. యాప్‌లు తీసుకునే కమీషను 18 శాతం దాటకూడదని 2022 నిబంధనలు వచ్చాక కూడా దగ్గర ట్రిప్పుల్లో డ్రైవరుకి మిగిలేది తక్కువే. 2024లో ఏకంగా సొంత రేట్ల కాగితాలు అచ్చువేసి సీటు వెనక తగిలించుకున్నారు. పైన ఒకాయన చెప్పినట్టు ఆ మొదటి ఫోన్ కాల్ కీలకం. అందులో మూడు సంగతులు తేల్చేయండి: ఎక్కడికి, ఎలా చెల్లిస్తారు, యాప్ రేటేనా కాదా. ‘బెయి యా ఆప్?’ (యాప్ రేటేనా?) అంటే చాలు, అర్థమవుతుంది.

అదనం ఇవ్వడం ఇష్టం లేకపోతే అప్పుడే వద్దనండి. కారెక్కాక, సగం దారిలో వాదన పెట్టుకోవద్దు. డ్రైవరు ‘మీరే రద్దు చేయండి’ అంటే మాత్రం ఒప్పుకోకండి, రద్దు ఫీజు మీకు పడుతుంది. అతన్నే చేయమనండి. ఇంకో మాట: ‘యాప్ కట్టేసి వెళ్దాం, తక్కువకి తీసుకెళ్తా’ అంటే వద్దు. ట్రిప్పు యాప్‌లో లేకపోతే మీరు ఏ కారులో ఉన్నారో ఎక్కడా నమోదు కాదు, సామాను మరిచిపోయినా అడగడానికి దారి ఉండదు.

నా వరకు వాన పడే సాయంత్రం యాభై, వంద అదనంగా అడిగితే ఇవ్వడమే మేలు. రద్దు చేసుకుంటూ కూర్చుంటే అరగంట పోతుంది, ఆ లోపు రేటు అంతకంటే ఎక్కువే పెరుగుతుంది.

వెస్ట్‌ల్యాండ్స్ నుంచి అప్పర్ హిల్‌కి పొద్దున ఆరున్నర దాటితే కింద రోడ్డు నిండిపోతుంది. ‘ఎక్స్‌ప్రెస్‌వేనా, కిందనా?’ అని డ్రైవరు అడుగుతాడు. 2022లో తెరిచిన పైరోడ్డు అది, మ్లొలొంగో నుంచి వెస్ట్‌ల్యాండ్స్ దాకా 27 కిలోమీటర్లు. టోలు దూరాన్ని బట్టి ఉంటుంది, 2024 జనవరిలో పెంచాక కారుకి గరిష్ఠం 500 షిల్లింగులు. అది మీ ఖాతాలోనే. యాప్ రేటులో టోలు కలిసిందో లేదో ఎక్కేముందే చూడండి, లేకపోతే బూత్ దగ్గర ఒకసారి, దిగేటప్పుడు ఇంకోసారి కట్టినట్టవుతుంది. మీకైతే హైలే సెలాస్సీ ఎగ్జిట్ దగ్గర పైరోడ్డు దిగితే సరిపోతుంది. ఎయిర్‌పోర్ట్ నుంచి వచ్చే రోజు మాత్రం ఆలోచించకుండా పైనుంచే రండి.

జవాబు: కిటికీ పక్క సీటు

ఒక్క జాగ్రత్త. ట్రాఫిక్‌లో ఆగినప్పుడు కిటికీ దింపి చేతిలో ఫోను పట్టుకోవద్దు. బయటినుంచి ఒక చెయ్యి వస్తుంది, ఫోను పోతుంది, అంతే. అద్దం ఎత్తమని డ్రైవరే చెబితే మొహమాటపడకండి. సిటీ సెంటర్‌లో టామ్ మ్బోయా స్ట్రీట్, రివర్ రోడ్ వైపు రోడ్డు మీద నిలబడి కారు కోసం మ్యాప్ చూడకండి, ఏదైనా షాపులోనో హోటల్ లాబీలోనో ఉండి పిలవండి.

నంబరు ప్లేటు అక్షరం అక్షరం చూడండి. కె తో మొదలై మూడు అక్షరాలు, మూడు అంకెలు, చివర ఒక అక్షరం. ఆ చివరి అక్షరం దగ్గరే జనం పొరపడతారు. అపార్ట్‌మెంట్ పేరు మీద పిన్ పెడితే వెనక గోడ దగ్గరికి వస్తారు, గేటు మీద పెట్టండి, గేటు దగ్గరి అస్కారీకి (కాపలాదారుకి) ముందే చెప్పి ఉంచండి.

బోడా బోడా అనే బైకు టాక్సీలు కూడా అదే యాప్‌లో దొరుకుతాయి. రద్దీలో రెండు మూడు కిలోమీటర్లకి పనికొస్తాయి. హెల్మెట్ లేకపోతే ఎక్కొద్దు, వానలో అసలు వద్దు. ఎక్స్‌ప్రెస్‌వే మీదికి బైకుల్ని రానివ్వరు.

అడిగినవారు: మూటాముల్లె

చాలా థాంక్స్ అందరికీ. ఆ రైలు సంగతి కూడా ఎవరైనా చెబుతారా? పొద్దున ఎనిమిది గంటల బండి.

జవాబు: సిటీలో స్టీరింగ్

స్టేషన్ ఊళ్లో లేదు, సియోకిమావులో ఉంది. యాప్‌లో ఊరికే ‘రైల్వే స్టేషన్’ అని కొడితే సిటీ సెంటర్‌లోని పాత స్టేషన్ వస్తుంది. ‘నైరోబీ టెర్మినస్, ఎస్‌జీఆర్’ అని చూసి ఎంచుకోండి, ఎస్‌జీఆర్ అంటే ఆ మొంబాసా రైలు మార్గమే. ఏడింటికల్లా అక్కడ ఉండాలి. సామాను వరసలో పెట్టించి కుక్కలతో వాసన చూపిస్తారు, ఆ తర్వాత స్కానర్, ఆ తర్వాతే లోపలికి. శనివారమైనా ఐదున్నరకే బుక్ చేయండి, అంత పొద్దున్నే మొదటి డ్రైవరు రద్దు చేస్తే రెండోవాడు దొరకడానికి టైముండాలి.

తిరుగు బండి దిగాక వందలమంది ఒకేసారి యాప్ తెరుస్తారు, రేటు ఆకాశానికంటుతుంది. పగలైతే అక్కడినుంచే సిటీ స్టేషన్‌కి వెళ్లే కమ్యూటర్ రైలెక్కి, అక్కడ దిగి బుక్ చేసుకోవచ్చు. రాత్రి బండైతే ఆ పని వద్దు, స్టేషన్ లోపలే పావుగంట కూర్చోండి, రేటు దానంతటదే దిగుతుంది.