డెస్మండ్ ఫోర్డు 1844 అభ్యంతరాలు, సంఘం జవాబు: యువకులకు ఎలా చెప్పాలి?

ప్రశ్న (పాలకొల్లు చదువరి):

వందనాలండి. పాలకొల్లు, నరసాపురం వైపు సబ్బాతు సంఘాల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతోంది. "అడ్వెంటిస్టు పాస్టరు ఫోర్డు 1844 సిద్ధాంతం తప్పని 991 పేజీల్లో రుజువు చేశాడు, జవాబు చెప్పలేక సంఘం వెలివేసింది" అని దాని సారాంశం. (1844 సిద్ధాంతం అంటే, దానియేలు 8:14లోని 2300 దినాల్ని సంవత్సరాలుగా లెక్కించి, 1844లో క్రీస్తు పరలోక మందిరంలో చివరి దశ సేవ, అంటే తీర్పు, మొదలుపెట్టాడని మన అడ్వెంటిస్టు సంఘం చెప్పేది.) బ్రదరెన్ అనే వేరే క్రైస్తవ సంఘం స్నేహితులు మన పిల్లల్ని దీని మీదే నిలదీస్తున్నారు. వచ్చే శనివారం ఏవై (యువజన) మీటింగులో దీని గురించి నేను మాట్లాడాలి. ఆయన అసలేమన్నాడు, సంఘం ఏం చేసింది, వెలివేత మాట నిజమేనా? 1844 లెక్కని బోర్డు మీద చూపించే పద్ధతి కూడా చెప్పండి.

జవాబు 1 (భీమవరం):

991 పేజీల మాట నిజం. వెలివేత మాట తప్పు. "జవాబు చెప్పలేక" అన్నది వాదన, దాన్ని విడిగా చూడాలి.

ఫోర్డు ఆస్ట్రేలియా మనిషి, 1929లో పుట్టి 2019లో పోయారు. అవాండేల్ కాలేజీలో చాలా ఏళ్ళు వేదాంతం చెప్పారు. 1979 అక్టోబరులో కాలిఫోర్నియాలోని పసిఫిక్ యూనియన్ కాలేజీలో ఇచ్చిన ప్రసంగంతో గొడవ మొదలైంది. సంఘం ఆయన నోరు నొక్కలేదు. వాదన రాసుకు రమ్మని ఆరు నెలలు టైమిచ్చింది. ఆ 991 పేజీలు అప్పుడు రాసినవే. 1980 ఆగస్టులో కొలరాడోలోని గ్లేసియర్ వ్యూ అనే చోట వందమందికి పైగా పండితులు, నాయకులు కూర్చుని దాన్ని పరిశీలించారు. సెప్టెంబరులో ఆయన పాస్టరు క్రెడెన్షియల్స్ (పాస్టరుగా పనిచేసే అధికార పత్రాలు) తీసేశారు. సభ్యత్వం మాత్రం అప్పుడు తీయలేదు.

ఆయన అభ్యంతరాల్లో ముఖ్యమైనవి ఇవి. దానియేలు 8లో దినానికి సంవత్సరం అనే సూత్రం ఆ అధ్యాయంలో ఎక్కడా లేదు. 8వ అధ్యాయం సందర్భం క్రీ.పూ. 2వ శతాబ్దంలో యూదుల్ని హింసించిన రాజు అంతియొకస్ ఎపిఫనేసుకి సరిపోతుంది. అన్నిటికన్నా బలమైనది హెబ్రీ పత్రిక మీద కట్టిన వాదన: 6:19-20, 9:12 ప్రకారం క్రీస్తు ఆరోహణమైనప్పుడే తెరలోపలికి, అంటే అతి పరిశుద్ధ స్థలంలోకి, వెళ్ళాడు కాబట్టి 1844 దాకా ఆగాల్సిన పని లేదని. మీ పిల్లల్ని బ్రదరెన్ వాళ్ళు అడిగేది కచ్చితంగా ఇదే. దీనికి సిద్ధపడకుండా మిగతావి ఎంత చదివినా ప్రయోజనం ఉండదు.

జవాబు 2 (నరసాపురం):

సంఘం జవాబు ఒక్క కాగితం కాదండి, అక్కడే చాలామంది పొరబడతారు. గ్లేసియర్ వ్యూలో రెండు రకాల పత్రాలు వచ్చాయి. సభ అంతా ఒప్పుకున్న ఏకాభిప్రాయ ప్రకటనలు కొంచెం మెత్తగా ఉంటాయి. ఫోర్డు పత్రాన్ని పది అంశాల్లో ఖండిస్తూ చిన్న బృందం రాసినది కటువుగా ఉంటుంది. మొదటిది చదివినవాళ్ళు "సంఘం ఫోర్డుతో సగం ఏకీభవించింది" అంటారు, రెండోది చదివినవాళ్ళు "పూర్తిగా కొట్టేసింది" అంటారు. రెండూ పక్కన పెట్టుకుని చదవండి.

పూర్తి స్థాయి జవాబు ఆ తర్వాత వచ్చింది. దానియేలు, ప్రకటన గ్రంథాల మీద సంఘానికి చెందిన పరిశోధన సంస్థ బిబ్లికల్ రిసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ 1982 నుంచి 1992 దాకా ఏడు సంపుటాలు వేసింది. దినం-సంవత్సరం సూత్రానికి సంఖ్యాకాండం 14:34, యెహెజ్కేలు 4:6తో ఆగకుండా ఇంకా చాలా ఆధారాలు చూపించారు. హెబ్రీ విషయంలో సంఘ పండితుల ప్రధాన వాదన ఏమిటంటే, ఆ వచనాలు చెప్పేది క్రీస్తు పరలోక మందిర సేవను ప్రారంభించడం గురించి, ప్రాయశ్చిత్త దినం (ప్రధాన యాజకుడు ఏడాదికోసారి అతి పరిశుద్ధ స్థలంలోకి వెళ్ళే రోజు; 1844లో మొదలైన సేవని సంఘం దీనితో పోలుస్తుంది) గురించి కాదు అని. ఇది తేలిపోయిన విషయం అని మాత్రం పిల్లలకి చెప్పకండి. ఫోర్డు పక్షం దీన్ని ఈనాటికీ ఒప్పుకోదు.

ఇంకో చిన్న మాట. పాత పుస్తకాల్లో ఈ 1844 సంగతి ఉన్న పరిశుద్ధస్థల సిద్ధాంతం సంఘ మూలవిశ్వాసాల జాబితాలో 23వది అని ఉంటుంది, ఇప్పుడు 24. 2005లో ఒక కొత్త మూలవిశ్వాసం 11వ స్థానంలో చేరి మొత్తం 28 అయ్యాయి. నంబర్లు కలవడం లేదని కంగారుపడొద్దు.

జవాబు 3 (అమలాపురం):

బోర్డు మీద లెక్క. ఎజ్రా 7:7 ప్రకారం అర్తహషస్త ఏలుబడి 7వ సంవత్సరం, అంటే క్రీ.పూ. 457. దానియేలు 8:14లోని 2300 దినాల్ని సంవత్సరాలుగా తీసుకుని అక్కడి నుంచి లెక్కపెట్టాలి: 2300లోంచి 457 తీస్తే 1843. క్రీ.పూ. 1 తర్వాత నేరుగా క్రీ.శ. 1 వస్తుంది, మధ్యలో సున్నా సంవత్సరం లేదు. కాబట్టి ఒకటి కలపాలి, 1844. ఆ ఒక్కటీ మర్చిపోతే పిల్లలు 1843 దగ్గర ఆగిపోయి "లెక్కే తప్పు" అంటారు.

సరిచూడ్డానికి రెండో దారి ఉంది. దానియేలు 9లోని 70 వారాలు 490 ఏళ్ళు. 457లో మొదలైతే క్రీ.శ. 34కి అయిపోతాయి. 2300లో 490 పోను మిగిలినవి 1810. 34కి కలిపితే మళ్ళీ 1844. మీ బోర్డు మీద రెండు దార్లూ వేయండి.

అయితే లెక్క కుదిరితే సిద్ధాంతం రుజువైనట్టు కాదని అక్కడే చెప్పేయాలి. ఫోర్డు కూడికలో తప్పు పట్టలేదు. 8వ అధ్యాయాన్ని 9తో ముడిపెట్టడం, దినాన్ని సంవత్సరంగా తీసుకోవడం, వీటినే ప్రశ్నించాడు. కూడిక చూపించి "జవాబు అయిపోయింది" అంటే, తెలిసిన బ్రదరెన్ కుర్రాడు ఒక్క ప్రశ్నతో మీ క్లాసుని కూలదోస్తాడు.

జవాబు 4 (తణుకు):

క్రెడెన్షియల్, సభ్యత్వం వేరు వేరు. క్రెడెన్షియల్ ఇచ్చేదీ తీసేదీ సంస్థ కమిటీ. సభ్యత్వం స్థానిక సంఘం చేతిలో ఉంటుంది. చర్చి మాన్యువల్ ప్రకారం పాస్టరు గారు ఒక్కరే గానీ, సంఘ బోర్డు గానీ ఎవర్నీ తీసేయలేరు. బోర్డు సిఫారసు చేస్తుంది, సభ్యుల బిజినెస్ మీటింగులో ఓటు పడాలి. ఆ మనిషికి ముందుగా కబురు చెప్పాలి, తన మాట చెప్పుకోనివ్వాలి, సాక్షుల్ని తెచ్చుకోనివ్వాలి. మన ఊళ్ళలో ఈ పద్ధతి పాటించకుండా పెద్దలు నాలుగు గోడల మధ్య తేల్చేస్తే, సిద్ధాంతం ఎంత సరైనదైనా అన్యాయమే జరిగినట్టు.

ఫోర్డుకి ముందూ ఇలాంటివాళ్ళు ఉన్నారు. కాన్‌రైట్ అనే పాస్టరు 1887లో వదిలి బాప్టిస్టుల్లో చేరి, 1889లో విమర్శ పుస్తకం వేశాడు. సంఘం 1933లో కూడా ఆయనకి జవాబు పుస్తకం వేసిందంటే, ఆ దెబ్బ ఎంతకాలం తగిలిందో చూడండి.

ప్రశ్న వేసినవారు:

చాలా థాంక్సండి. వాల్టర్ రే సంగతి కూడా అడుగుతారేమో. దాన్ని కలపాలా?

జవాబు 2 (నరసాపురం):

అదే రోజు కలపకండి. అడ్వెంటిస్టు పాస్టరైన రేదీ 1980 కాలమే గానీ, విషయం వేరు: సంఘ స్థాపకుల్లో ఒకరు, సంఘం ప్రవక్తిగా ఎంచే ఎలెన్ వైట్ ఇతరుల పుస్తకాల్లోంచి ఎంత తీసుకున్నారు అన్నది. సంఘం రెండు విధాలుగా స్పందించింది. 1981లో విన్సెంట్ రామిక్ అనే న్యాయవాది, ఆయన కాథలిక్కు, కాపీరైటు నేరం లేదని అభిప్రాయం ఇచ్చాడు. తర్వాత ఫ్రెడ్ వెల్ట్‌మన్ అనే పండితుడు క్రీస్తు జీవితం మీది ఆమె పుస్తకంలో 87 అధ్యాయాలకి 15 తీసుకుని వాక్యం వాక్యం పోల్చి చూశాడు. సగటున 31 శాతం పాఠం ఏదో ఒక మేర ఇతర రచనల మీద ఆధారపడిందని 1988లో నివేదిక ఇచ్చాడు. చట్టప్రకారం నేరం లేదన్నంత మాత్రాన, చెప్పకుండా తీసుకున్నారన్న విమర్శకి జవాబు దొరికినట్టు కాదు. దీనికి ఇంకో శనివారం పెట్టుకోండి. ఈసారికి హెబ్రీ 6, 9 అధ్యాయాలు అందరిచేతా పైకి చదివించి మొదలుపెట్టండి.